పారాథైరాయిడ్ గ్రంథులను కనుగొన్నది ఎవరు? ఖడ్గమృగం కథను ఎంతవరకు నమ్మవచ్చు?

కృష్ణలంక_వాసి

మా అమ్మకు అరవై ఒకటో ఏడు. ఎనిమిదేళ్ళలో మూడుసార్లు కిడ్నీలో రాళ్ళు వచ్చాయి. రెండుసార్లు ఆసుపత్రిలో తీశారు, ఒకసారి దానంతటదే పడిపోయింది. ఒళ్ళు నొప్పులంటే వయసు అన్నారు, మలబద్ధకమంటే తిండి అన్నారు, దిగులుగా కూర్చుంటే కోడలితో పొసగడం లేదేమోనని బంధువులు అన్నారు. మూడోసారి ఒక కుర్ర డాక్టరు రక్తంలో కాల్షియం పరీక్ష రాస్తే 11.9 వచ్చింది. రక్తంలో కాల్షియంను పెంచే పారాథార్మోన్ అనే హార్మోన్ కూడా హెచ్చుగానే ఉంది. గొంతు దగ్గరుండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథుల్లో ఒకటి గడ్డకట్టి పెరిగిందని తేల్చి, పోయిన మంగళవారం దానిని తీసివేశారు.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ గారు మాటల్లో, ఈ గ్రంథిని ప్రపంచంలో మొదట చూసింది మనిషిలో కాదని, ఖడ్గమృగంలోనని అన్నారు. ఇంటికి వచ్చి మా అమ్మాయి ఇంటర్ పుస్తకం తీస్తే దీనికి ఒకే ఒక్క పేరా ఉంది, అందులో చరిత్ర లేదు. నెట్‌లో వెతికితే ఒకచోట ఓవెన్ అని, ఒకచోట సాండ్‌స్ట్రోమ్ అని, ఇంకొకచోట గ్లే అని, హార్మోన్ దగ్గరికి వచ్చేసరికి కాలిప్ అని ఉన్నది. ఇంతకూ కనుగొన్నది ఎవరు? మనిషి మెడను వందల ఏళ్ళుగా కోసి చూసిన వైద్యులకు ఈ నాలుగు గింజలు ఎందుకు కనిపించలేదు?

పాతసంచికలు

ఖడ్గమృగం కథ నిజమే, కాని మీ సర్జన్ గారు చెప్పినంత సూటిగా లేదు. 1834లో లండన్ జూ ఒక భారతీయ ఖడ్గమృగాన్ని కొన్నది. అది పదిహేనేళ్ళు బతికి 1849 చివర్లో చనిపోయింది. కళేబరం రిచర్డ్ ఓవెన్ చేతికి వచ్చింది. 'డైనోసార్' అనే మాటను పుట్టించిన ఓవెనే ఈయన. ఆ చలికాలం దానిని ఆయన భాగం భాగంగా కోసి పరిశీలించాడు. ఆ రోజుల్లో ఇంట్లో చచ్చిన ఖడ్గమృగం ముక్కలు పోగుపడ్డాయని ఆయన భార్య డైరీలో రాసుకున్నది. థైరాయిడ్ నుంచి సిరలు బయటికి వచ్చే చోట, దానిని అంటిపెట్టుకుని పసుపుపచ్చగా, గట్టిగా ఉన్న ఒక చిన్న గ్రంథి ఉందని ఓవెన్ తన నివేదికలో ఒక్క వాక్యం రాశాడు. దానిని 1850లో లండన్ జంతుశాస్త్ర సంఘంలో చదివి వినిపించాడు. పూర్తి వ్యాసం 1862లో గాని అచ్చుకాలేదు.

అదేమిటో ఆయన అడగలేదు, పేరు పెట్టలేదు, మరొక జంతువులో వెతకలేదు.

అడ్డంగా_ప్రశ్న

అయితే ఆయనను కనుగొన్నవాడని ఎలా అంటాము? మా ఊరి చెరువు గట్టున ఒక నల్లరాయి ఉండేది. తరతరాలుగా ఊరంతా దాని మీద కూర్చుని కాళ్ళు కడుక్కున్నది. దాని అడుగు భాగాన శాసనం ఉందని ఒక మాస్టారు చదివి చెప్పాడు. శాసనాన్ని కనుగొన్నది ఆ మాస్టారా, రాయి మీద మొదట కూర్చున్నవాడా?

అమరకోశం_అల్లుడు

పేరు సంగతి వచ్చింది కనుక ఒక చిన్న పక్కదారి. మన పాఠ్యపుస్తకాలు థైరాయిడ్‌ను 'అవటు గ్రంథి' అంటాయి. అమరకోశంలో 'అవటుర్ఘాటా కృకాటికా' అని ఉంది, అంటే అవటువు మెడ వెనుక భాగం, పెడతల కింద. గ్రంథి ఉన్నది మెడ ముందు. పేరు పెట్టిన పండితుడు రోగిని ఏ వైపునుంచి చూశాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కనుక ఈ చర్చలో పారాథైరాయిడ్ అనే మాటనే వాడుకుందామని నా మనవి.

పాతసంచికలు

అడ్డంగా_ప్రశ్న గారి శాసనం పోలిక నాకు నచ్చింది. దాని ప్రకారమైతే ఆ మాస్టారు స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతున్న ఒక విద్యార్థి. పేరు ఇవార్ సాండ్‌స్ట్రోమ్. 1877లో ఒక కుక్క మెడను కోస్తూ, థైరాయిడ్ పక్కన గంజాయి గింజంత కూడా లేని ఒక చిన్న అవయవం థైరాయిడ్ పొరలోనే, కాని దానికంటే లేత రంగులో ఉండటం గమనించాడు. థైరాయిడ్ ముక్కే కాబోలని వదిలేయకుండా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. కణాల అమరిక థైరాయిడ్‌లా లేదు. ఆ తరువాత పిల్లి, కుందేలు, ఎద్దు, గుర్రం, చివరికి యాభై మంది మనుషుల శవాల్లో వెతికాడు. దాదాపు అందరిలోనూ దొరికాయి. 1880లో స్వీడిష్ భాషలో సుదీర్ఘమైన వ్యాసం రాసి, వాటికి 'గ్లాండులే పారాథైరాయిడే' అని పేరు పెట్టాడు. మనం ఈనాడు వాడుతున్నది ఆ పేరే.

ఆ వ్యాసాన్ని ఒక జర్మన్ పత్రిక నిడివి ఎక్కువైందని తిప్పి పంపింది. చివరికి ఉప్సాలా వైద్యుల సంఘం పత్రికలో వచ్చింది. దానిని చదివేవారు స్వీడన్ దాటితే బహు తక్కువ. సాండ్‌స్ట్రోమ్ మానసిక వ్యాధితో బాధపడి 1889లో, ముప్పై ఏడేళ్ళ వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. తన గ్రంథులు ఏం చేస్తాయో ఆయనకు తెలియకుండానే పోయాడు.

అమరకోశం_అల్లుడు

శాస్త్రవేత్త కొలమానంగా గంజాయి గింజనే ఎంచుకోవాలా? ఆవగింజ స్వీడన్‌లో దొరకదా?

రెండోఏడు_మెడికో

యాభై శవాలన్న మాట చదివి అసూయ పడ్డాను. మాకు ఒక్క శవానికి ఇరవై మందిమి. పోయిన నెలలో మా బల్ల దగ్గర నేను పారాథైరాయిడ్ దొరికిందని కేకపెట్టాను. అందరూ ఫోన్లు తీసి ఫొటోలు కూడా తీశారు. మేడం వచ్చి ఫోర్‌సెప్స్‌తో పట్టుకుని నొక్కి, అది కొవ్వు ముద్ద అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ ఫొటో ఇప్పటికీ మా గ్రూపులో నన్ను ఆటపట్టించడానికే తిరుగుతోంది.

రిటైర్డ్_కత్తి

మెడికో బాధపడనక్కరలేదు. ముప్పై ఏళ్ళు మెడలు కోసిన నేనే కొవ్వును చూసి గ్రంథి అనుకున్న రోజులు ఉన్నాయి. మామూలు పారాథైరాయిడ్ పరిమాణం ఒక కందిబద్దంత, అంతే పలచన. బరువు సుమారు 30 నుంచి 40 మిల్లీగ్రాములు. చుట్టూ ఉన్న కొవ్వు వెన్న రంగులో ఉంటే, గ్రంథి లేత బెల్లం పాకం రంగులో ఉంటుంది. కాస్త రక్తం అంటితే రెండూ ఒకటే అవుతాయి. మా గురువుగారు ఒక చిట్కా చెప్పేవారు. అనుమానంగా ఉన్న ముక్కను చిన్న గిన్నెలో సెలైన్ పోసి వేయాలి. కొవ్వు తేలుతుంది, గ్రంథి మునుగుతుంది. ఇప్పుడు సమీప పరారుణ కాంతి పడితే ఈ గ్రంథులు తమంతట తామే మెరుస్తాయని అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో అనితా మహదేవన్-జాన్సెన్ బృందం చూపించింది. దాని మీద ఆధారపడిన పరికరాలకు 2018లో అక్కడ అనుమతి కూడా వచ్చింది. నా కాలానికి గిన్నే గతి.

పైగా అవి ఉండవలసిన చోట ఉండవు. పిండదశలో కింది రెండు గ్రంథులు, ఛాతీలోకి చేరే థైమస్ అనే గ్రంథితో కలిసి కిందికి దిగుతాయి. ఆ దిగడం ఎక్కడ ఆగుతుందో చెప్పలేము. ఒక్కొక్కసారి ఛాతీ లోపల దొరుకుతాయి. వందల ఏళ్ళుగా ఎందుకు కనిపించలేదన్న కృష్ణలంక_వాసి గారి ప్రశ్నకు ఇది సగం సమాధానం. మిగతా సగం ఏమిటంటే, వెతికే అవసరం ఎవరికీ రాలేదు. ఆ అవసరం తెచ్చింది మా సర్జన్లే, అదీ రోగుల ప్రాణాల మీదికి తెచ్చి.

అడ్డంగా_ప్రశ్న

ఆ చివరి వాక్యాన్ని అలా వదిలేయకండి. వివరంగా చెప్పండి.

రిటైర్డ్_కత్తి

19వ శతాబ్దం చివర్లో మత్తుమందు, క్రిమిరహిత శస్త్రచికిత్స వచ్చాక గొంతు కింద గాయిటర్‌గా ఉబ్బిన థైరాయిడ్‌ను పూర్తిగా తీసివేసే ధైర్యం సర్జన్లకు వచ్చింది. వియన్నాలో బిల్‌రోత్, బెర్న్‌లో కోకర్ ఇద్దరూ ఆ పనిలో మహామహులు. బిల్‌రోత్ రోగుల్లో కొందరికి ఆపరేషన్ తరువాత చేతులు, కాళ్ళు కొంకర్లు పోయి, కండరాలు బిగుసుకుని, కొన్నిసార్లు ప్రాణం పోయేది. ఆయన శిష్యుడు వోల్ఫ్లర్ 1879లో ఈ స్థితిని వర్ణించాడు. కోకర్ రోగులకు ఈ బాధ అరుదు. వారు క్రమంగా ముఖం ఉబ్బి, మందగించి, మాట నెమ్మదించి మరొక రకంగా దెబ్బతినేవారు. అది థైరాయిడ్ పూర్తిగా లేకపోవడం వల్ల.

ఒకే ఆపరేషన్‌కు రెండు ఫలితాలు ఎందుకు వచ్చాయి? ఇద్దరి పనితనాన్నీ కళ్ళారా చూసిన అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ తరువాత దీనికి ఒక వివరణ ఇచ్చాడు. కోకర్ నిదానస్తుడు, రక్తం చిందకుండా థైరాయిడ్‌ను దాని పొర వెంబడే ఒలిచేవాడు. అందువల్ల వెనుక ఉన్న పారాథైరాయిడ్లు మిగిలేవి. బిల్‌రోత్ వేగంగా కోసేవాడు, థైరాయిడ్‌తో పాటు చుట్టుపక్కలదీ పోయేది. గ్రంథి ఉన్నదని కూడా తెలియకుండానే ఒకరు దానిని కాపాడారు, ఒకరు పోగొట్టారు. కోకర్‌కు థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో నోబెల్ వచ్చింది.

కృష్ణలంక_వాసి

కొంకర్లు అన్న మాట చదవగానే ఒళ్ళు జలదరించింది. ఆపరేషన్ అయిన రెండోరోజు సాయంత్రం మా అమ్మ, మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది అన్నది. నర్సు వచ్చి బీపీ చూడటానికి చేతికి పట్టీ చుట్టి గాలి నింపింది. రెండు నిమిషాలు అలాగే ఉంచింది. చూస్తుండగానే అమ్మ బొటనవేలు అరచేతిలోకి వాలింది, మిగతా నాలుగు వేళ్ళు నిటారుగా ఒకదానికొకటి అతుక్కున్నాయి. అక్షతలు చల్లబోయే ముందు వేళ్ళు కూడదీసుకున్నట్టు ఉంది చెయ్యి. తెరవమంటే తెరవలేకపోయింది. గాలి తీసేశాక వదిలింది. వెంటనే సిరలోకి కాల్షియం ఎక్కించారు. నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు, ఎక్కువైన కాల్షియం కోసమే కదా ఆపరేషన్ చేశారు, మళ్ళీ ఇది ఎక్కించడమేమిటని వాదించాను కూడా.

అమరకోశం_అల్లుడు

మా పెద్దనాన్నకు ఇలాంటిదే వస్తే ధనుర్వాతమని ఊరంతా కంగారుపడ్డారు. రెండూ ఒకటేనా?

రిటైర్డ్_కత్తి

కావు. ధనుర్వాతం అంటే టెటనస్, గాయంలో చేరిన క్రిమి విషం వల్ల వస్తుంది. ఇది టెటనీ, రక్తంలో కాల్షియం తగ్గడం వల్ల నరాలు ఊరికే రెచ్చిపోయే స్థితి. కృష్ణలంక_వాసి గారి అమ్మగారి చేతిలో కనిపించినదాన్ని పారిస్ వైద్యుడు ట్రూసో 19వ శతాబ్దంలోనే గుర్తించాడు, ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తాము. పెరిగిన గ్రంథి ఏళ్ళ తరబడి ఎముకల్లోంచి కాల్షియంను లాగి రక్తంలో పోస్తుంది. ఆ గ్రంథిని తీయగానే ఎముకలు తమ బాకీ వసూలు చేసుకోవడం మొదలుపెడతాయి. ఇన్నాళ్ళూ పని లేక కునుకు తీసిన మిగతా మూడు గ్రంథులు లేవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ మధ్యకాలంలో బయటినుంచి పోయవలసిందే. నర్సు మంచి పని చేసింది.

పాతసంచికలు

బిల్‌రోత్ రోగులకు వచ్చినది ఇదేనని తెలియడానికి ఇంకా ఒక ముప్పై ఏళ్ళు పట్టింది, ఆ దారిలో కుందేళ్ళు అందరినీ తప్పుదారి పట్టించాయి. థైరాయిడ్ తీస్తే కుక్కలు, పిల్లులు టెటనీతో చచ్చిపోయేవి, కుందేళ్ళు మాత్రం బతికేవి. మాంసాహారులకు థైరాయిడ్ ప్రాణావసరమని, శాకాహారులకు కాదని కొందరు తీర్మానించారు. నిజానికి కుందేలులో రెండు పారాథైరాయిడ్లు థైరాయిడ్‌కు దూరంగా విడిగా ఉంటాయి, కనుక థైరాయిడ్ తీసినా అవి మిగిలిపోతాయి. 1891లో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త యూజీన్ గ్లే ఆ విడి గ్రంథులను కూడా కలిపి తీసి చూశాడు. కుందేళ్ళు కూడా చచ్చిపోయాయి. సాండ్‌స్ట్రోమ్ వ్యాసాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చింది ఆయనే.

అయితే గ్లే కూడా అవి ఎదగని థైరాయిడ్ ముక్కలేనని నమ్మాడు. అవి పుట్టుకలోనే వేరని 1895లో ప్రాగ్‌లో ఆల్‌ఫ్రెడ్ కోన్ చూపించాడు. మరుసటి ఏడాది ఇటలీలోని మోదెనాలో వస్సాలె, జెనెరాలి అనే ఇద్దరు థైరాయిడ్‌ను ముట్టకుండా కేవలం పారాథైరాయిడ్లనే తీసి, టెటనీ వస్తుందని రుజువు చేశారు.

అడ్డంగా_ప్రశ్న

అంటే కనుగొన్నది వస్సాలె, జెనెరాలి. నా ఓటు వారికే. అవి లేకపోతే ప్రాణి చస్తుందని చెప్పినవారే వాటిని నిజంగా చూసినవారు.

ఊదామూత

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మీ ఓటు మరొక్క మెట్టు పైకి వెళ్ళాలి. గ్రంథులు లేకపోతే చస్తుందని తెలిసింది, ఎందుకు చస్తుంది? 1909లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో మెక్‌కాలమ్, ఫోగ్ట్‌లిన్ అనే ఇద్దరు, గ్రంథులు తీసిన కుక్కల రక్తంలో కాల్షియం తగ్గిందని చూపించారు. కొంకర్లు పోతున్న కుక్కకు కాల్షియం ద్రావణం ఎక్కిస్తే నిమిషాల్లో లేచి నడిచింది. కృష్ణలంక_వాసి గారి అమ్మగారికి ఆ సాయంత్రం చేసిన వైద్యం అదే.

ఆ కాలంలో రక్తంలో కాల్షియం కొలవడం ఎంత కష్టమో మా వృత్తిలో ఉన్నవారికి తెలుస్తుంది. ఇప్పటికీ పొరపాట్లు జరుగుతాయి. పారాథార్మోన్‌కు రక్తాన్ని ఊదారంగు మూత ట్యూబులో తీస్తాము, అందులో ఈడీటీఏ ఉంటుంది. అది కాల్షియంను పట్టేసుకుంటుంది. అదే ట్యూబునుంచి కాల్షియం పరీక్ష చేస్తే మనిషి బతికుండే అవకాశమే లేనంత తక్కువ అంకె వస్తుంది. కొత్తగా చేరినప్పుడు నేనే ఎర్రమూత ట్యూబు నిండక, ఊదాదాంట్లోంచి కొంచెం ఒంపాను. కాల్షియం దాదాపు సున్నా వచ్చింది. రిపోర్టు పట్టుకుని పరుగెత్తుకెళ్ళి చూస్తే ఆ రోగి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. నా ఈ పేరు అప్పటిదే.

అడ్డంగా_ప్రశ్న

కాని 1909తో వ్యవహారం ముగియలేదు. గ్రంథులు ఒంట్లో పుట్టే ఏదో విషాన్ని విరిచేస్తాయని, గ్వానిడిన్ అనే పదార్థం పేరుకోవడం వల్లే టెటనీ వస్తుందని గ్లాస్గోలో నోయల్ పేటన్ బృందం ఆ తరువాత కూడా గట్టిగా వాదించింది. అంటే మెక్‌కాలమ్ మాట ఎవరూ పూర్తిగా నమ్మలేదు.

పాతసంచికలు

నిజమే, ఆ వాదం తేలాలంటే గ్రంథిలోంచి రసం తీసి, అది కాల్షియంను పెంచుతుందని చూపించాలి. గ్రంథిని నీటిలో నూరితే ఏమీ వచ్చేది కాదు. మిన్నెసోటాలోని ఫారిబో అనే చిన్న పట్టణంలో వైద్యం చేసుకుంటూ, సొంత ఖర్చుతో పశువుల గ్రంథులు తెప్పించుకున్న అడాల్ఫ్ హాన్సన్, వాటిని వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికిస్తే పని చేసే సారం వస్తుందని 1923 నుంచి ప్రకటించాడు. ఆయన మొదటి వ్యాసాలు సైనిక వైద్యుల పత్రికలో వచ్చాయి, కనుక హార్మోన్ల మీద పనిచేసేవారు పెద్దగా పట్టించుకోలేదు. 1925లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో జేమ్స్ బెర్‌ట్రామ్ కాలిప్ దాదాపు అదే పద్ధతిలో సారం తీసి, గ్రంథులు లేని కుక్కల్లో కాల్షియం మామూలు స్థాయికి వస్తుందని, మోతాదు మించితే కాల్షియం పెరిగి కుక్క చస్తుందని క్రమపద్ధతిలో నిరూపించాడు. టొరంటోలో ఇన్సులిన్‌ను మనుషులకు ఇవ్వగలిగేంత శుద్ధి చేసిన కాలిప్ ఈయనే. పేరున్నవాడు చెప్పగానే లోకం విన్నది. ఇద్దరి మధ్య ఎవరు ముందన్న తగాదా పేటెంటు దాకా వెళ్ళింది, 1932లో పేటెంటు హాన్సన్‌కు దక్కింది.

ఎడిసన్_కోడలు

ఇక్కడ నా ఓటు హాన్సన్‌కు. చిన్న ఊరి డాక్టరు చెబితే వినని లోకం పెద్ద విశ్వవిద్యాలయం చెబితే వింటుందన్నది కొత్త సంగతి కాదు.

నాకు దీనితో సొంత సంబంధం కూడా ఉంది. మా అత్తగారికి వెన్నుపూసలు కుంగిపోతే ఇక్కడి డాక్టరు టెరిపారాటైడ్ రాశారు. రోజూ తొడకు 20 మైక్రోగ్రాముల సూది నేనే వేస్తాను. పెన్నును ఫ్రిజ్‌లో ఆవకాయ సీసా పక్కన పెడుతుంటాను. అది పారాథార్మోన్ ముక్కే, 84 అమైనో ఆమ్లాలలో మొదటి 34. ఎముకను తినే హార్మోన్‌ను ఎముక బలానికి ఇవ్వడమేమిటని నేను ఫార్మసిస్టుతో వాదించాను. రోజంతా ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుందని, రోజుకొకసారి కాసేపు పెరిగి తగ్గితే ఎముక కట్టే కణాలు లేస్తాయని ఆయన చెప్పారు.

పాతసంచికలు

ఆ ఫార్మసిస్టు చెప్పిన సంగతికి పునాది 1929 నాటిది. బాస్టన్‌లో బౌవర్, ఓబ్, ఆల్‌బ్రైట్ ఎలుకలకు పారాథైరాయిడ్ సారం ఇచ్చి చూస్తే, ఎముకలో స్పాంజిలా ఉండే భాగం పెరిగింది. ఆ గమనిక దశాబ్దాలు అలాగే పడి ఉంది. టెరిపారాటైడ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2002లో.

కృష్ణలంక_వాసి

గ్రంథి లేకపోతే ఏమవుతుందో ఇంతవరకు చెప్పారు. మా అమ్మకు వచ్చినది దానికి వ్యతిరేకం కదా. పెరిగిన గ్రంథిని తీయాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది?

రిటైర్డ్_కత్తి

ఆలోచన రావడం కంటే, వచ్చినదాన్ని నమ్మడం కష్టమైంది. ఎముకలు మెత్తబడి, బుడగలు పడి, విరిగిపోయే ఒక జబ్బును ఫోన్ రెక్లింగ్‌హౌసెన్ 1891లో వర్ణించాడు. అలాంటివారి శవాల్లో పారాథైరాయిడ్ గడ్డలు కనిపించసాగాయి. వియన్నాలో యాకోబ్ ఎర్డ్‌హైమ్ 1906లో, ఎలుకల గ్రంథులను కాల్చివేస్తే వాటి పళ్ళలో కాల్షియం సరిగా చేరదని చూపించిన ఘనుడు. ఆ జ్ఞానంతోనే ఆయన, ఎముక జబ్బును ఎదుర్కోవడానికే గ్రంథులు పెరుగుతున్నాయని తీర్మానించాడు. ఇల్లు కాలిన చోటల్లా ఫైరింజను కనిపిస్తుంది, నిప్పు పెట్టింది ఫైరింజను కాదు కదా అన్నట్టు. తర్కం గట్టిది, కాని ఈ జబ్బు విషయంలో తప్పు. 1915లో ష్లాగెన్‌హౌఫర్ అనే ఆయన, నాలుగూ పెరగాలి గాని ఒక్కటే ఎందుకు పెరుగుతోంది, ఆ ఒక్కదాన్ని తీసి చూడండి అన్నాడు. పదేళ్ళు ఎవరూ తీయలేదు.

అదే వియన్నాలో ఆల్బర్ట్ అనే ట్రామ్ కండక్టరు ఉండేవాడు. తొడ ఎముక విరిగి, నడవలేక, మూత్రంలో తెల్లని సున్నం పోతూ ఆసుపత్రిలో చేరాడు. సర్జన్ ఫెలిక్స్ మాండ్ల్ ఎర్డ్‌హైమ్ మాట ప్రకారం మొదట గ్రంథి సారం ఇచ్చాడు. గుణం కనిపించలేదు. ప్రమాదంలో చనిపోయిన ఒకరి పారాథైరాయిడ్లు తెచ్చి ఆల్బర్ట్ ఒంట్లో నాటాడు, పరిస్థితి మెరుగుపడలేదు. ఎక్కువ ఇచ్చినా ఫలితం లేదంటే, ఉన్నదే ఎక్కువేమోనని అప్పుడు అనుమానించి, 1925 జులై 30న మెడ తెరిచాడు. ఒక గ్రంథి రెండున్నర సెంటీమీటర్ల గడ్డగా పెరిగి ఉంది. తీసేశాడు. కొద్ది రోజుల్లో మూత్రంలో కాల్షియం తగ్గింది, నెలల్లో కండక్టరు కర్ర సాయంతో నడిచాడు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కొన్నేళ్ళకు జబ్బు తిరగబెట్టింది, రెండో ఆపరేషన్‌లో ఏమీ దొరకలేదు, 1936లో ఆయన చనిపోయాడు. మాండ్ల్ యూదుడు కనుక 1938లో వియన్నా వదిలి జెరూసలేం వెళ్ళవలసి వచ్చింది, యుద్ధం తరువాత తిరిగి వచ్చాడు.

నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో గొప్ప పని మాండ్ల్‌ది. తాను ముందు తప్పు వైద్యం చేశాడని దాచకుండా ప్రచురించాడు.

పాతసంచికలు

సర్జన్ గారు కెప్టెన్ మార్టెల్ పేరు చెప్పకుండా వెళితే ఊరుకోను. చార్లెస్ మార్టెల్ అమెరికన్ ఓడ కెప్టెన్, ఆరడుగుల ఒక అంగుళం మనిషి. 1918 నుంచి ఎనిమిదేళ్ళలో ఏడంగుళాలు కుంగిపోయాడు. చొక్కా కాలర్ కొలత మారలేదు, చొక్కా మాత్రం పొడుగైపోయింది అనుకోండి. 1926లో న్యూయార్క్‌లో యూజీన్ డుబోయిస్ కాల్షియం కొలిచి పారాథైరాయిడ్ ఎక్కువైందని చెప్పాడు. మాండ్ల్ సంగతి ఆయనకు అప్పటికి తెలియదు. బాస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలోనూ, న్యూయార్క్‌లోనూ కలిపి ఆరుసార్లు మెడ కోశారు. గడ్డ దొరకలేదు. కెప్టెన్ స్వయంగా గ్రంథాలయంలో కూర్చుని శరీరనిర్మాణ శాస్త్రం చదివి, మెడలో లేకపోతే ఛాతీలో ఉండాలి, తెరవండి అని పట్టుబట్టాడు. 1932లో చర్చిల్, ఓలివర్ కోప్ ఏడోసారి ఛాతీ ఎముకను చీల్చి చూస్తే, గుండెకు పైన మూడు సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఓడ నడిపేవాడికి దారి తెలిసింది. పాపం, ఆరు వారాలకు మూత్రనాళంలో ఇరుక్కున్న రాయికి ఆపరేషన్ చేశాక, కంఠం బిగుసుకుని చనిపోయాడు.

రెండోఏడు_మెడికో

థైమస్‌తో కలిసి కిందికి దిగే గ్రంథి గురించి పైన సర్జన్ గారు చెప్పినది ఇప్పుడు బుర్రకెక్కింది. పరీక్షలో ఆ గ్రంథి పుట్టేది మూడో గ్రసని కోశం (పిండం గొంతులోని సంచి) అని రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, అది ఒక మనిషి ఏడు ఆపరేషన్ల సంగతి అని ఎవరూ చెప్పలేదు.

మర్రిగూడ_మనిషి

కెప్టెన్ కుంగిపోయాడని చదువుతుంటే మా ఊరి వాళ్ళే కళ్ళముందు తిరిగారు. మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో నడుములు వంగి, కాళ్ళు వంకర తిరిగినవారు ఎందరో. దీనికీ పారాథైరాయిడ్‌కూ సంబంధం ఉందని ఒక డాక్టరు అన్నారు. నిజమేనా?

రిటైర్డ్_కత్తి

ఉంది. మన ప్రాంతంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లోనే, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా గ్రామాల నుంచి షార్ట్ బృందం వర్ణించింది. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగిన రోగుల రక్తంలో పారాథార్మోన్ పెరిగి ఉందని కనుగొన్నారు. అయితే ఇక్కడ గ్రంథి నేరస్థురాలు కాదు. ఫ్లోరైడ్ చేరిన ఎముక కాల్షియంను అదేపనిగా అడుగుతుంది, తిండిలో కాల్షియం చాలదు, అందుకని నాలుగు గ్రంథులూ కలిసి పెరిగి పని చేస్తాయి. ఎర్డ్‌హైమ్ ఫైరింజను వాదం ఇలాంటివారి విషయంలో సరైనదే. ఆయన పూర్తిగా తప్పు కాదు, రెండు జబ్బులను ఒకటనుకున్నాడు.

అడ్డంగా_ప్రశ్న

ఎర్డ్‌హైమ్‌ను తిట్టి మళ్ళీ మీరే కాపాడారు. బాగుంది.

ఊదామూత

కృష్ణలంక_వాసి గారి అసలు బాధ ఎనిమిదేళ్ళ ఆలస్యం గురించి కదా. హార్మోన్ సారం 1925లో దొరికినా, ఒక మనిషి రక్తంలో అది ఎంత ఉందో కొలవడం 1963లో గాని కుదరలేదు. బెర్సన్, యాలో తమ రేడియో ఇమ్యునో పరీక్షతో అది సాధించారు. యాలోకు 1977లో నోబెల్ వచ్చింది, బెర్సన్ అప్పటికే చనిపోయాడు. ఆ తరువాత ఒకే రక్తపు చుక్కలో డజను పరీక్షలు చేసే యంత్రాలు వచ్చి, ఎవరికి అడిగినా అడగకపోయినా కాల్షియం అంకె బయటపడసాగింది. అంతవరకు ఎముకలు విరిగాక తెలిసే అరుదైన జబ్బు, ఆ దెబ్బతో పాశ్చాత్య దేశాల్లో సాధారణ జబ్బు అయిపోయింది. మన దగ్గర మామూలు పరీక్షల కట్టలో చాలాచోట్ల కాల్షియం ఉండదు, విడిగా రాయాలి. రాయి వచ్చిన మనిషికి స్కానింగు రాసినంత సులభంగా దీనిని రాయరు.

రెండోఏడు_మెడికో

ఇంకొక తమాషా. కాల్షియంను తగ్గించే కాల్సిటోనిన్‌ను 1962లో ప్రకటించిన కాప్, అది పారాథైరాయిడ్‌లోంచి వస్తున్నదనుకున్నాడు. తరువాత అది థైరాయిడ్‌దని తేలింది. థైరాయిడ్ ముక్కలనుకున్నవి వేరే గ్రంథులైనట్టే, ఆ గ్రంథులదనుకున్నది థైరాయిడ్‌దైంది.

అమరకోశం_అల్లుడు

ఇరుగుపొరుగు అంటే అంతే. ఉత్తరాలు పక్కింటికి వెళుతుంటాయి.

పాతసంచికలు

ఓవెన్‌ను పూర్తిగా కొట్టివేయకండి. ఆయన ఆ ఖడ్గమృగం గొంతు భాగాన్ని సీసాలో భద్రపరిచాడు. వందేళ్ళ తరువాత కేవ్ అనే శరీరనిర్మాణ శాస్త్రవేత్త దానిని మళ్ళీ పరిశీలించి, అది పారాథైరాయిడేనని రాశాడు. చూసినదాన్ని పారేయకుండా దాచినందుకైనా కొంచెం వాటా ఇవ్వాలి.

అడ్డంగా_ప్రశ్న

సరే, రూపాయిలో అణా. అంతకు మించి ఇవ్వను.

కృష్ణలంక_వాసి

ఈ రోజు బయాప్సీ రిపోర్టు వచ్చింది. గడ్డ బరువు 1.6 గ్రాములు, రంగు గోధుమ, క్యాన్సర్ కాదు, అంచున మామూలు గ్రంథి సన్నని పట్టీలా మిగిలి ఉంది అని రాశారు. సర్జన్ గారు పైన చెప్పిన 40 మిల్లీగ్రాములతో చూస్తే నలభై రెట్లు. కాల్షియం నిన్న 8.9. బిళ్ళలు రోజుకు ఆరు నుంచి నాలుగుకు తగ్గించారు.

అమ్మకు ఖడ్గమృగం సంగతి, కండక్టరు సంగతి, కెప్టెన్ సంగతి చదివి వినిపించాను. అంతా విని, ఆ స్వీడన్ పిల్లవాడికి తల్లి ఉన్నదా అని అడిగింది.

రిటైర్డ్_కత్తి

అంచున మామూలు పట్టీ ఉండటం మంచి గుర్తు, ఒక్క గ్రంథే పెరిగిందనడానికి అది బలం చేకూరుస్తుంది. ఆరు నెలలకు ఒకసారి కాల్షియం, పారాథార్మోన్ రెండూ చూపించండి. ట్యూబులు విడివిడిగా తీస్తున్నారో లేదో ఊదామూత గారి తరఫున ఒక కన్ను వేసి ఉంచండి.